లోపలి గోడ మీది గళ్లు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని కడుపులో దాచుకున్నాను. పొద్దున లేవగానే ముందు అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నల్లగొండ దగ్గర ఒక కాలేజీలో పరిశోధన చేసేదాన్ని. ఇనుప గొట్టంలో వాయువులు నింపి ఒక చివర నిప్పురవ్వ పుట్టిస్తే, పేలుడు అల ధ్వని కన్నా వేగంగా పరుగెత్తుతుంది. గొట్టం తిన్నగా ఉంటే పేచీ లేదు. వంపులోనే దాని సత్తా తేలుతుంది. బయటి గోడ వైపు బలం పుంజుకుంటుంది, లోపలి గోడ వైపు నీరసిస్తుంది. ఎంత బిగువు వంపులో ఆ అల చచ్చిపోతుందో తెలుసుకోవడమే మా పని. దీపం మసి పట్టించిన రేకును గొట్టం లోపల పరుస్తాం. అల బతికున్నంత మేరా మసి మీద చేప పొలుసుల్లాంటి గళ్లు పడతాయి. గళ్లు ఆగాయంటే అల అక్కడ చచ్చినట్టే.

నాతోపాటు జంగయ్య ఉండేవాడు. కల్వకుర్తి వైపు రైతుల ఇంటివాడు, నాకన్నా ఏడాది వెనక చేరాడు. ఒకే వంపు మీద ఇద్దరినీ వేర్వేరుగా ప్రయోగం చేయమన్నారు మా సారు.

నా రేకు బయటికి తీసి చూస్తే లోపలి గోడ పక్కన గళ్లు సగంలోనే ఆగిపోయాయి. సారు లెక్క ప్రకారం ఆగకూడదు. నా థీసిస్ మొత్తం ఆ లెక్క మీదే నిలబడి ఉంది.

మాది పోచంపల్లి. మగ్గం మీద రంగు పోగు కాస్త జరిగితే బాపు సూదితో నెట్టి డిజైన్ కలుపుతాడు. అది మోసం కాదు, పనితనం. చిన్నప్పటి నుంచీ నా చేతికీ అదే అలవాటు. రేకు తీసేటప్పుడు వేలు తగిలి మసి చెదిరిందేమో అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అలా అనుకుంటే బాగుండునని అనుకున్నాను. సూది తీసుకుని, ఆగిన గళ్లను గోడదాకా గీశాను.

మరునాడు జంగయ్య తన రేకు పట్టుకొచ్చాడు.

“అక్కా, లోపలి గోడ దిక్కు గళ్లు మొత్తం మాయమైనయి. నీకు గట్లనే వచ్చిందా?”

“లేదు తమ్మీ. నాకు గోడదాంక ఉన్నయి. నీ గొట్టం ఏడనో కారుతున్నట్టుంది, జర చూస్కో.”

మొదటి మాట భయంతో వచ్చింది. రెండోది ఎందుకన్నాను?

పాపం, నమ్మాడు. గొట్టం విప్పి, బిగించి, మళ్లీ మళ్లీ చేశాడు. ప్రతిసారీ అదే ఫలితం. చేతిలో శుభ్రత లేదని సారు అతని మీద విసుక్కున్నారు. అదే నోటితో నా రేకును మెచ్చుకుంటుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా రేకు ఫోటో ఒక పరిశోధన పత్రికలో అచ్చైంది, నాకు డాక్టరేట్ వచ్చింది. జంగయ్య మధ్యలోనే మానేసి ఊరికి వెళ్లిపోయాడు. నేను పొమ్మనలేదు కదా అని ఎన్నిసార్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నానో.

మొన్న శ్రీశైలం పోతుంటే కల్వకుర్తిలో బస్సు ఆగింది. అక్కడ కనిపించాడు. బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఆప్యాయంగా చాయ్ తాగించాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో అతనే నవ్వుతూ, ఆ రోజుల్లో తన కళ్లు తనను మోసం చేశాయని, ఇప్పుడు కూడా మోటారు బాగుచేశాక నమ్మకం చాలక పక్క దుకాణం ఆయనకు ఒకసారి చూపిస్తానని అన్నాడు.

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను. నా వల్ల అతని చదువు పోయిందనే ఇన్నాళ్లూ కుమిలిపోయాను. చదువు ఒక్కటేనా పోయింది? తన కళ్లను తాను నమ్ముకునే ధైర్యం కూడా నేనే లాక్కున్నాను. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. బస్సు హారన్ కొట్టగానే లేచి వచ్చేశాను.

క్షమించమని ఇది రాయడం లేదు. క్షమించే హక్కు మీకు లేదు, అడిగే మొహం నాకు లేదు. ఇదే కాగితం ఈ రోజే సారుకీ, ఆ పత్రికకీ, జంగయ్య దుకాణానికీ పంపుతున్నాను. డాక్టరేట్ ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా ఏడేళ్ల తర్వాత ఊపిరి నిండుగా ఆడుతోంది.

నువ్వు చూసిందే నిజం, తమ్మీ. మొదటి రోజు నుంచీ అదే నిజం.