తాగకుండా కింద పెట్టిన కప్పు

ఏలక్కాయ వాసన తగిలితే అందరికీ పాయసం గుర్తొస్తుందట. నాకు మాత్రం అరచేతులు చెమరుస్తాయి. నిన్న రంగూన్ లమ్మడా పేటలో బస్సు దిగి, వానకి ఒక టోకు దుకాణం చూరు కింద నిలబడ్డాను. లోపల ఎవరో ఏలకులు దంచుతున్నారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా, వీధి మొదట్లో సైనికుల లారీ ఆగిందేమోనని తిరిగి చూశాను. ఆగింది కూరగాయల లారీ. ఆ వాసన నాకు ఊ హసన్ గారు అలవాటు చేసినది, ఆ భయం సైన్యం వీధుల్లోకి దిగిన ఏడు అలవాటు చేసినది. రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఊ అన్నది బర్మాలో పెద్దల పేరుకి ముందు పెట్టే గౌరవం. హసన్ గారు ఆ వీధిలోనే ఏలకులు, శొంఠి, కాఫీ గింజలు టోకున అమ్మేవారు. తండ్రి ఏడెన్ నుంచి ఓడలో వచ్చి రంగూన్‌లో ఉండిపోయిన అరబ్బు, తల్లి బర్మా మనిషి. నేను ఆయన దగ్గర గుమాస్తాని. నన్ను ‘తమీ’ అని పిలిచేవారు, అంటే కూతురా అని. మాట్లాడుకున్నది బర్మా భాషలో. నాకు జ్ఞాపకం ఉన్నది మాత్రం ఎందుకో తెలుగులో. దేశం తలుపులు బిగించుకున్న రోజులు కదా, అరబ్బులు కాఫీ పక్కన పెట్టే ఖర్జూరం కంటికి కనిపించేది కాదు. షాన్ కొండల కాఫీ గింజల్ని లేతగా వేయించి, ఏలకులు దంచి వేసి, పాలూ చక్కెరా లేకుండా కాచి, పక్కన తాటిబెల్లం ముక్క పెట్టేవారు. చెవి లేని బుల్లి కప్పు. అందులోనూ అడుగు తడిసేంతే. మొదటిరోజు అది చూసి, పోసినాయన పిసినారి అనుకున్నాను.

మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పోస్తూంటే వద్దనడం తప్పు. ఆయన మర్యాద వేరు. చాలనుకుంటే కప్పుని కాస్త ఊపి ఇవ్వాలి. ఊపనంతసేపూ పోస్తూనే ఉండడం ఇంటాయన విధి. ఈ సంగతి నాకు తెలీదు. ఆయన ఎడమచేత్తో కూజా పట్టుకుని పోస్తున్నారు, నేను తాగుతున్నాను. ఒకరి మర్యాదకి ఒకరం బలైపోతున్నాం. చివరికి గుండెదడకి నా చెయ్యి దానంతటదే వణికింది, కప్పు ఊగింది. ఆయన హమ్మయ్య అని కూజా దించారు.

“అంత ఇష్టమా తమీ?”

“ఇష్టం కాదండీ, భయం.”

“మూడు వరకే. అరుగుదలకి మంచిది, బద్ధకం వదిలిస్తుంది. మూడు దాటితే నువ్వు దాన్ని కాదు, అదే నిన్ను తాగుతుంది.”

అరుగుదల మాట చెప్పలేను గానీ, ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు.

ఇంకో మర్యాద కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఒకసారి కొండల నుంచి వచ్చిన ఒక వర్తకుడు కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టాడు. ఊ హసన్ గారు వెంటనే కూజా పక్కన పెట్టి, ఏం కావాలో చెప్పమన్నారు, తీరుస్తానన్నారు. అతను అడిగాడు, ఈయన తల ఊపారు, అప్పుడు అతను తాగాడు. తర్వాత నేనడిగాను: “వినకముందే మాటిచ్చేస్తారేంటండీ? తీర్చలేనిది అడిగితే?”

“అందుకే, కాఫీ ఎవరికి పోస్తున్నానో ముందే చూసుకుంటాను.”

తర్వాత ఎనభై ఎనిమిదిలో, సైనిక పాలన పోవాలని ఊరు ఊరంతా రోడ్డెక్కింది. మా తమ్ముడు దావీదు కాలేజీ వదిలి ఊరేగింపుల్లో ముందు నడిచాడు. ఆ వెనకే సైన్యం వచ్చింది, కాల్పులు వచ్చాయి. సర్కారు తరఫున వార్డు వాళ్ళు ఏ ఇంట్లో ఎవరు పడుకుంటున్నారో చూసి వెళ్ళేవారు. దావీదుని మా చర్చి వెనక గదిలో దాచాం. దుకాణంలో ఈ మాట ఎత్తలేదు. ఇక్కడే పుట్టినా ఊ హసన్ గారి చేతిలో ఉన్నది విదేశీయుడి కార్డు. ఆయన్ని ఊడ్చెయ్యడానికి చిన్న సాకు చాలు.

ఒక మధ్యాహ్నం అమ్మ మా పేట మింగళ తౌంగ్‌న్యున్ నుంచి నడిచి దుకాణానికి వచ్చింది. బస్సులు లేవు.

“పాస్టరుగోరు ఆడ్ని ఇంక ఉంచనేనన్నారే పాపా. పొద్దు పోకుండా తీసుకుపొమ్మన్నారు. ఏటి సేద్దుమే?”

“మెల్లగామ్మా.”

“ఈయనకి తెలుగు రాదు గదేటి.”

ఊ హసన్ గారు లేచి అమ్మకి కుర్చీ వేసి, కాఫీ పోసి అందించారు. గుండె జబ్బని డాక్టరు అమ్మచేత కాఫీ మానిపించాడు. వద్దంటే బాగుండదని కప్పు అందుకుని, తాగకుండా బల్ల మీద పెట్టింది. ఊ హసన్ గారు కూజా దించి నావైపు తిరిగారు.

“ఏం కావాలో అమ్మగారిని చెప్పమను. అయిపోయిందనుకోమను.”

“ఏటంతన్నాడే?” అంది బర్మా మాట సరిగా రాని అమ్మ.

అమ్మకి కాఫీ పడదండీ అనాలి. అదే నిజం. అంటే ఆయన నవ్వి టీ తెప్పిస్తారు, ఆయన బతుకు ఆయనకి ఉంటుంది, చీకటి పడేసరికి మా తమ్ముడు వీధిలో ఉంటాడు. నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

“మా తమ్ముడికి చోటు కావాలండీ. వాడి కోసం వెతుకుతున్నారు.”

“ఎంత పొడుగు?”

“నాకంటే జానెడు.”

“అయితే అటక మీద, గోతాల వెనక, కాళ్ళు ముడుచుకుని పడుకోవాలి. ఇప్పుడు అమ్మగారిని తాగమను.”

అమ్మకి చెప్పాను. నా మొహం కేసి చూసింది, ఆయన మొహం కేసి చూసింది. ఆ తర్వాత మందు తాగినట్టు ఒక్క గుక్కలో తాగేసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయన మళ్ళీ పోశారు. మళ్ళీ తాగింది.

“ఊపమ్మా, కప్పు ఊపు.”

“ఎందుకే? పొయ్యనీ.”

దావీదు ఆ అటక మీద వారాల తరబడి ఉన్నాడు. ఏలకుల ధూళికి దగ్గొచ్చేది. వీధి మొదట్లో లారీ ఆగిన చప్పుడైతే చాలు, ఊ హసన్ గారు రోలు ముందేసుకుని ఏలకులు దంచడం మొదలుపెట్టేవారు, దగ్గు వినబడకుండా. ఎవరూ కొనని రోజుల్లో అన్ని ఏలకులు దంచిన వ్యాపారి ఇంకొకరు ఉండరు. చివరికి ఉల్లిపాయల పడవలో వాడు నది అవతల తన్లిన్ చేరి, అక్కడే బతికిపోయాడు. ఊ హసన్ గారు పోయి చాలాకాలమైంది. అమ్మ ఆ రోజు కప్పు ఎందుకు పక్కన పెట్టిందో ఆయనకి నేను చెప్పనే లేదు.

ఇప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా నా చూపు ముందు వాళ్ళ కప్పు మీదికే పోతుంది. టీ ముట్టకుండా కూర్చుంటే, చల్లారిపోతోంది తాగండి అనను. ఏం కావాలని అడుగుతాను. చాలామందికి ఏమీ అక్కర్లేదు, టీలో చక్కెర ఎక్కువైందంతే. కొందరు మాత్రం మెల్లగా చెప్పడం మొదలుపెడతారు. అది విని, ఒక్క క్షణం నా ఇల్లు, నా పిల్లలు, నా బతుకు తలుచుకుని, అప్పుడు సరేనంటాను. ఆ ఒక్క క్షణం కూడా ఆయన మా అమ్మని ఎదురుచూడనివ్వలేదు.