సీసా మీద కుంకుమ బొట్టు

ఆయుధ పూజ సెలవులయ్యాక, శనివారం పొద్దున మ్యూజియానికి వెళ్లేసరికి నా మైక్రోస్కోపుకి గంధం, కుంకుమ పెట్టి ఉన్నాయి. అది ఏటా ఉండేదే. కన్ను ఆనించే అద్దానికి కూడా పూసేస్తారు, తుడుచుకోవడం నా వంతు. ఈసారి మా అటెండరుకి భక్తి ఎక్కువై, హాల్లో జెర్రిపోతును ఉంచిన గాజు సీసాకి కూడా బొట్టు పెట్టాడు.

పాముల మీద పరిశోధన నా ఉద్యోగం. శనివారాలు మాత్రం ఆ సీసా పక్కన నిలబడి, వచ్చినవాళ్లకి పాముల గురించి చెప్పాలి. ఏళ్ల తరబడి గొంతు అరిగేలా చెబుతున్నాను. సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లే తప్ప వినేవాళ్లు లేరు. ఆ రోజు బొట్టు చూసి జనం చెప్పులు విడిచి మరీ నిలబడ్డారు.

పురసవాక్కం బజార్లో బట్టలు కొనుక్కుని వచ్చిన ఒక పెద్దావిడ, చేతికి సంచి వేలాడుతుండగానే దణ్ణం పెట్టి నా మాటలన్నీ వింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది జెర్రిపోతు, ఎలుకల్ని తింటుంది, ఇంట్లోకొస్తే కొట్టకండి అన్నాను.

"అంటే ఇది నాగుబాము కాదా మా?"

"కాదమ్మా."

"విషం కూడా లేదా?"

"లేదు."

ఆవిడ చేతులు దించేసింది. "అసలుది ఏడుంది?"

పక్క గది చూపించాను. మిగతావాళ్లూ చెప్పులు తొడుక్కుని ఆవిడ వెనకే వెళ్లారు.

గుడ్డ తీసుకుని బొట్టు తుడుస్తుంటే, సీసాలో చితికిన తల కనిపించింది. అంబత్తూరులో ఒక ఇంటివాళ్లు దాన్ని కర్రలతో కొట్టి చంపింది, నాగుపామనుకునే.