బావి ఆటలో ఏసేపు సంచి

మా చిన్నప్పుడు... ఆ యేడు వాన ముందే మొహం చాటేసింది. డిసెంబరుకే చేలల్లో పత్తికట్టె మిగిలింది. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ. పెద్దోళ్లు ఆ కట్టె పీకి, మోపులు కట్టి ఇండ్లకు మోస్తున్నారు... పొయ్యిలోకి.

ఆదోని దిక్కు పల్లె మాది. బడి వదిలితే మేము పోయేది బస్టాండు కాడ షాహీనక్క జెరాక్సు అంగడికి. అంగడి మూలన ఒక పాత కంప్యూటరు. అంగడి పనికి రాదని పక్కన పెట్టింది. అందులో మూడు ఆటలు ఉండేవి.

వాటి అసలు పేర్లకు మా నోరు తిరగలేదు. మేమే పేర్లు పెట్టుకున్నాం. ఉరుకులాట, ముక్కలాట, బావి ఆట. మూడింటిదీ ఒకటే కట్టుబాటు... చచ్చిపోతే మళ్లీ మొదట్నుంచే. పైగా దారి ప్రతిసారీ కొత్తది. నేర్చుకున్నది తలలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. వీటిని రోగ్‌లైక్ ఆటలంటారని చాలా ఏండ్లకు తెలిసింది.

ఎవరికి ఏ ఆటో అక్కే చెప్పేది. బొమ్మ చూసి ఎంచుకోనిచ్చేది కాదు. ఒక్క మాట అడిగేది.

"నువ్వు వచ్చేసరికి బస్సు కదిలింది. ఏం చేస్తావు?"

"ఉరికిపోయి ఎక్కుతా" అన్నాను నేను.

"నీకు ఉరుకులాట పో. తొందరోళ్లది."

ఇంకో బస్సు ఎప్పుడో కనుక్కొని, అందాక ఎవరి బండో బతిమాలి ఎక్కేవాళ్లకు ముక్కలాట. చేతికొచ్చిన ముక్కలతోనే ఉపాయం పన్నాలి అందులో.

నా పక్క బెంచీ ఏసేపు మాత్రం శానాసేపు ఆలోచించాడు. "ఇంకో బస్సు వస్తాది కదక్కా... కూచుంటా."

"నీకు బావి ఆటప్పా. నువ్వు అడుగేస్తేగానీ అందులో ఏదీ కదలదు. పులి ఎదురుగా ఉన్నా, నువ్వు ఆలోచించుకునేదాకా నిలబడే ఉంటాది."

అది వాడికి అచ్చంగా సరిపోయింది. మెట్టు మెట్టూ దిగుతూ పోవాలి. బావి అడుగున ఒక మణి ఉందని అక్క చెప్పింది. దారిలో సీసాలు దొరుకుతాయి. ఒకటి గాయం మానుస్తుంది, ఒకటి బలమిస్తుంది. ఏది ఏమిటో తాగితేగానీ తెలియదు.

ఏసేపు వాళ్లు ఏటా క్రిస్మస్ మర్నాడు సుగ్గికి పోయేవాళ్లు. మా దిక్కు పని కోసం వలస పోవడాన్ని సుగ్గి అంటారు. గుంటూరు దిక్కు మిరపకోతలు. ఉగాది దాటితేగానీ తిరిగిరారు. అప్పటికి బడిలో పాఠాలు అయిపోవచ్చేవి, వాడు మళ్లీ మొదట్నుంచి పట్టుకునేవాడు. అందుకేనేమో... ఆటలో చచ్చిపోతే మేము బల్ల గుద్దేవాళ్లం, వాడు "మాకు అలవాటే లే" అని మళ్లీ మొదటి మెట్టు మీద నిలబడేవాడు.

అయినా ఈసారి పోయేలోపల బావి అడుగు చూడాలని పట్టుబట్టాడు. రోజూ లోతుకు పోతాడు, రోజూ చస్తాడు.

ఒకరోజు షాహీనక్క వెనక నిలబడి చూసింది. "అరె, సంచినిండా సీసాలు పెట్టుకొని చస్తాండావు కదప్పా! ఎవరికి దాస్తాండావు?"

"ఎత్తిపెట్టినవి ముట్టుకోగూడదక్కా. మా యమ్మ కొడతాది."

"సీసాలనా?"

"విత్తనాలను."

మేమంతా నవ్వాం. వాడు నవ్వలేదు. వాళ్లింట్లో దూలానికి ఒక మూట వేలాడేది. ఇంట్లో గింజ లేని రోజు కూడా దాన్ని ఎవరూ విప్పరు.

అక్క కూడా నవ్వు ఆపింది. "సరే, విత్తనమే అనుకో. ఎప్పుడన్నా విత్తాల కదా?"

"వాన పడితే విత్తుతారు."

"ఈ బావిలో వాన యాడ పడతాదో నువ్వే చూసుకో మరి."

క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం వాడు ఎప్పుడూ పోనంత లోతుకు పోయాడు. నాలుగు దిక్కులా మృగాలు. తెర మీద ప్రాణం సన్నటి గీతంత మిగిలింది. నేనైతే ఎప్పుడో ఉరికి చచ్చేదాన్ని. ఏసేపు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. మృగాలూ అట్లే నిలబడ్డాయి.

కొంచెంసేపటికి మెల్లగా అన్నాడు. "వాన పడిందక్కా."

సంచి విప్పాడు. ఒక సీసాతో కండ్లు కనిపించలేదు. ఇంకోదానితో గాయాలు మానాయి. మరోదానితో మృగాలన్నీ నిద్రపోయాయి. వాటి నడుమ నుంచి నడిచి, చివరి మెట్లు దిగాడు. మణి దొరికింది!

మేము అరుస్తుంటే తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అక్క చదివి చెప్పింది. "ఇప్పుడు దాన్ని పట్టుకొని మళ్లీ పైకెక్కాలంటప్పా."

అప్పుడే వాళ్లమ్మ కరుణమ్మ వచ్చింది. పండక్కని ఏసు గుడికి సున్నం కొట్టి వస్తోంది, చేతులింకా తెల్లగానే ఉన్నాయి. "మూటలు కట్టాల రారా."

"పైకెక్కాలమ్మా..."

"యాడనుంచి?"

"బావిలోనుంచి."

"నిన్ను బావిలో దిగమన్నదెవరురా?"

ఏసేపు కుర్చీలోంచి లేవలేదు. షాహీనక్క ముందుకు వంగి ఆటను ఉన్నచోటే దాచింది. "నువ్వొచ్చేదాకా ఎత్తిపెడతా. ఎవరన్నా ముట్టుకుంటే మీ యమ్మ కొడతాది."

"నేనెందుకు కొడతా!" అంది కరుణమ్మ. వాడు నవ్వుతూ లేచాడు.

అక్క మాట తప్పలేదు. ఉగాది అయినాక వాడొచ్చి, మిరప ఘాటుకు పొట్టు లేచిన వేళ్లతోనే, నిదానంగా పైకెక్కాడు.

ఇప్పుడు ఫోన్లలో ఇట్లాంటి ఆటలు లెక్కలేనన్ని. "అక్కా, ఏది మొదలుపెడితే బాగుంటుంది?" అని ఆఫీసులో పిల్లలు అడుగుతుంటారు. నేను బస్సు సంగతే అడుగుతాను. "బస్సు ఎక్కడుందో ఫోన్లోనే కనిపిస్తుంది కదా... ఎందుకు తప్పిపోతుంది?" అంటారు.

మీకైనా కదిలిపోయిన బస్సు గుర్తుందా? ఉరికేవాళ్లా, కూర్చునేవాళ్లా... కింద రాయండి, మీకు ఏ ఆటో చెప్తాను.

ఆ యేడు క్రిస్మస్ మర్నాడు తెల్లారకముందే లారీ వచ్చింది. ఏసేపు, కరుణమ్మ, వాళ్ల నాయన అందులో ఎక్కి సుగ్గికి పోయినారు.