పరీక్ష తప్పిన హింకిల్

మా కౌంటీ బోర్డు మెంబరు ఆర్విల్ హింకిల్‌కి ఒకటే జబ్బు. జనం డబ్బుతో ఏది కొనాలన్నా, ముందు దాన్ని తన ఒంటిమీద ప్రయోగించుకుని చూస్తేగాని ఓటెయ్యడు.

ఫైరింజన్ వాళ్ళు కొత్త నీళ్ళ గొట్టం కావాలని అడిగారు. పాతది బొత్తిగా పనికిరాకుండా పోయిందన్నారు. హింకిల్ వెళ్ళి ఆ పాత గొట్టానికి ఎదురుగా నిలబడి, "ఏదీ, కొట్టండి" అన్నాడు. కొట్టారు. ఆయన టోపీ అవతలి వీధిలో చర్చి మెట్ల మీద దొరికింది. బట్టలు పిండుకుంటూ వచ్చి, "గొట్టం బ్రహ్మాండంగా ఉంది. కొత్తది అక్కర్లేదు" అని తేల్చేశాడు.

వాననీళ్ళ తూము వెడల్పు చెయ్యాలన్నప్పుడు అందులోకి దూరి, సగం దూరం పాకి, ఇరుక్కుపోయాడు. లోపల్నుంచే "వెడల్పు చెయ్యాల్సిందే! నా ఓటు రాసుకోండి!" అని కేకలు పెట్టాడు. ముందు ఓటు రాసుకుని, తరవాత కాళ్ళు పట్టుకుని లాగారు.

అన్నిటికన్నా ఘనమైంది అంబులెన్సు. స్ట్రెచర్ మీద పడుకుని, బెల్టులు బిగించుకుని, మెయిన్ రోడ్డు పొడుగునా కూత వేయించుకుంటూ తిరిగాడు. మా వైపు ఎవరైనా పోతే ఇరుగుపొరుగు వెంటనే ఓవెన్ వెలిగించి, బంగాళదుంపలూ చీజూ వేసి పెద్ద గిన్నెల్లో వంటకాలు చేసి ఆ ఇంటికి పంపుతారు. ఏడుపు మొదలయ్యేలోపు గిన్నె చేరాలి, లేకపోతే మర్యాద కాదు. హింకిల్ ఇల్లు చేరేసరికి వరండా నిండా గిన్నెలే.

"బతికే ఉన్నావా?" అంది ఆయన భార్య నాడీన్.

"ఉన్నట్టే ఉంది. ఏంటివన్నీ?"

"నువ్వు పోయావని పంపించారు. వేడిగా ఉన్నాయి, చెయ్యి కడుక్కుని రా."

వారం రోజులు దంపతులిద్దరూ ఆయన చావుభోజనాలు తిన్నారు. అయితే స్ట్రెచర్ పరుపు కింద ఊచ వీపుకి గుచ్చుకుంటోందని పట్టుబట్టి పరుపు మార్పించాడు. ఆ తరవాత దానిమీద పడుకోవలసి వచ్చినవాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు.

నేను కౌంటీ జైల్లో నర్సుని. పేరు ఒపల్. హింకిల్ జబ్బు నాదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు క్లైడ్ మాబ్రీ గురించి చెప్పాలి.

క్లైడ్ పియానోలు శ్రుతి చేసే మనిషి. అప్పటికి ఏడాదిగా అతనికి ఎవరికీ వినబడని మాటలు వినబడుతున్నాయి. ఒక చలికాలం పొద్దున్న మూసి ఉన్న హోటలు అద్దం పగలగొట్టి లోపలికెళ్ళి, గుడ్లు వేయించుకుని తిని, పళ్ళెం కడిగి బోర్లించి, పోలీసులు వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. కోర్టులో జడ్జి ప్రూయెట్ గారు "నేనెవరినో తెలుసా?" అని అడిగితే, "నది నీళ్ళు ఆపేసింది నువ్వే" అన్నాడు.

తన కేసేమిటో తనకే అర్థంకాని మనిషిని విచారించకూడదని చట్టం. ముందు వైద్యం చేసి, కోర్టంటే ఏమిటో నేర్పి, అప్పుడు నిలబెట్టాలి. న్యాయమైన మాటే. కాని ఆ వైద్యం ఎక్కడో దూరాన ప్రభుత్వాసుపత్రిలో జరగాలి, అక్కడ మంచం ఖాళీ ఉండదు. నేరం రుజువైతే క్లైడ్‌కి పడే శిక్ష నెల రోజులు. రుజువు కాకుండానే మంచం కోసం అప్పటికే అయిదు నెలలుగా మా జైల్లో ఉన్నాడు. తలమీద తువ్వాలు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చునేవాడు. రోజూ పొద్దున్నే ఆ వీపు చూడాలంటే నాకు సిగ్గుగా ఉండేది.

మా కౌంటీ పోలీసులకీ జైలుకీ పెద్ద, షెరీఫ్ వాండా క్రౌజ్ ఊరుకునే మనిషి కాదు. మంచం రాకపోతే వైద్యాన్నే ఇక్కడికి తెప్పిస్తానంది. తిరగని ఆఫీసు లేదు. చివరికి ప్రభుత్వం మూడు నెలలకు డబ్బిచ్చింది. డాక్టర్ మిరియం ఆల్డర్ వచ్చి మందులు మొదలుపెట్టింది. బుధవారం బుధవారం జైల్లోనే క్లాసు. క్లైడ్‌కి మాటలు వినబడటం తగ్గింది, గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. తువ్వాలు మాత్రం తియ్యలేదు, నోరూ విప్పలేదు. ఇంతలో గడువు దగ్గరపడింది. ఇకపై కౌంటీ డబ్బు పెడితే క్లాసు నిలుస్తుంది, లేకపోతే క్లైడ్ మళ్ళీ మంచం క్యూలోకి.

బోర్డులో అయిదుగురు. ఇద్దరు సరేనన్నారు. ఇద్దరు "అద్దాలు పగలగొట్టేవాళ్ళకి చదువులు కూడానా?" అన్నారు. అందరూ హింకిల్ వైపు చూశారు.

"నేను ఒకసారి వాడి చూస్తాను" అన్నాడు ఆయన.

"వాడి చూడ్డానికి ఇదేమన్నా బూట్ల జతా హింకిల్ గారూ? జైలు!" అంది వాండా.

"నా సైజువి ఉన్నాయా, లేవా?"

లేవు. జైలు చొక్కా గుండీలు ఆయన పొట్టదాకా వచ్చి ఆగిపోయాయి. పైగా ఇంటి నుంచి తలగడ తెచ్చుకున్నాడు. అది లోపలికి తేకూడదంటే గేటు దగ్గర డ్యూటీ వాడితో గంటసేపు వాదించాడు. ఆ తరవాత డాక్టరమ్మ అందరికీ పెట్టే పరీక్షే తనకీ పెట్టమన్నాడు.

"జడ్జి పనేమిటండీ?" అని అడిగింది ఆవిడ.

"గురువారం గురువారం చేపలు పట్టడం."

"మీ లాయరు మీకోసం ఏం చేస్తాడు?"

"బిల్లు పంపిస్తాడు."

"ప్రాసిక్యూటరో?"

"ఎలక్షన్లలో నిలబడతాడు."

"సాక్షి మీ మీద అబద్ధం చెబితే ఏం చేస్తారు?"

"వాడు మా ఆవిడ తరఫు చుట్టమేమో కనుక్కుంటా."

డాక్టరమ్మ కలం మూసేసింది. "హింకిల్ గారూ, ఈ జవాబులతో మిమ్మల్ని విచారణకు నిలబెట్టడానికి వీల్లేదు."

"అయితే ఆసుపత్రికి పంపండి. మంచానికి ఎన్నాళ్ళు?"

"ఆరేడు నెలలు."

హింకిల్ లేచి నిలబడ్డాడు. "ఆరేడు నెలలా? అప్పటిదాకా నా కోళ్ళకి మేత ఎవడేస్తాడు?"

"క్లైడ్‌కి కూడా ఓ పిల్లి ఉండేదండి" అన్నాను నేను. నోరు జారి అన్న మాటే. ఆయన నా వైపు చూసి, మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

హింకిల్ పరీక్ష తప్పాడన్న వార్త కౌంటీ అంతా పాకింది. ఆయన దాణా కొట్టుకి వచ్చినవాళ్ళు "ఏమండోయ్, లెక్క సరిగ్గా చెయ్యగలరా, డాక్టరమ్మని పిలవాలా?" అని ఆటపట్టించారు. ఆయన చీమ కుట్టినట్టయినా లేకుండా బుధవారం క్లాసుకి వచ్చి, సరిగ్గా క్లైడ్ పక్కన కూర్చున్నాడు. వచ్చింది మొదలు చెవిలో జోరీగే. జ్యూరీ అంటే జడ్జిగారి బంధువులన్నాడు. బెయిలంటే, ఇంగ్లీషులో ఆ మాటకున్న రెండో అర్థం పట్టుకుని, పడవలో నీళ్ళు తోడటమన్నాడు. మధ్యలో గురక పెట్టాడు. "ఈయన నా క్లాసు చెడగొడుతున్నాడు ఒపల్" అని డాక్టరమ్మ నా దగ్గర మొత్తుకుంది. నాకూ ఒళ్ళు మండింది. ఈ మొద్దు మనిషి చేతిలోనా క్లైడ్ బతుకు ఉంది అనుకున్నాను.

గడువుకి ముందు బుధవారం ఉత్తుత్తి కోర్టు పెట్టారు. హింకిల్ జడ్జి, క్లైడ్ ముద్దాయి. హింకిల్ కుర్చీలో కూర్చోగానే బల్ల మీద బూటుతో కొట్టి, "నేరం రుజువైంది. భోజనానికి పదండి" అన్నాడు.

"అలా కుదరదండీ" అంది తువ్వాలు.

అందరం ఉలిక్కిపడ్డాం. క్లైడ్ తువ్వాలు తీసేశాడు.

"ఎందుక్కుదరదు? జడ్జిని నేను" అన్నాడు హింకిల్.

"మా లాయరింకా మాట్లాడలేదు కదా. ముందు ఆయన మాట వినాలి."

"అద్దం పగలగొట్టావా, లేదా?"

"అది వాళ్ళు రుజువు చెయ్యాలి. నేను చెప్పక్కర్లేదు."

"ఎవడు చెప్పాడు నీకీ మాట?"

"డాక్టరమ్మే చెప్పారు. అప్పుడు మీరు నిద్రపోతున్నారు."

డాక్టరమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేను ఎటూ తిరక్కుండానే తుడుచుకున్నాను.

బోర్డు మీటింగులో హింకిల్ రెండే ముక్కలు మాట్లాడాడు. "వైద్యం వాడి చూశాను. నా మీద పని చెయ్యలేదు. నా పక్కవాడి మీద బ్రహ్మాండంగా పని చేసింది. డబ్బివ్వండి." ముగ్గురికి ఇద్దరుగా తీర్మానం గట్టెక్కింది.

ఆ డబ్బుతో వైద్యం సాగింది. మళ్ళీ చలి మొదలయ్యేసరికి క్లైడ్ కోర్టుకి వెళ్ళాడు. జడ్జి ప్రూయెట్ అదే ప్రశ్న వేశాడు.

"మీరు జడ్జిగారు" అన్నాడు క్లైడ్. "రెండు వైపులా విన్నాకే తీర్పు చెప్పాలి. నది సంగతి ఏమీ అనుకోకండి."

అద్దం తనే పగలగొట్టానని లాయరుతో మాట్లాడుకుని ఒప్పుకున్నాడు. శిక్షకి మించి లోపల ఉన్నాడు కనక జడ్జిగారు ఇంటికి వెళ్ళమన్నారు.

బయట వరండాలో జడ్జిగారు నన్ను ఆపారు. "అదుగో, ఆ చివర బెంచీ మీద ఉన్నది ఆర్విల్ హింకిల్ కాదూ?"

"ఆయనేనండి. కోర్టంటే ఓనమాలు తెలీని మహానుభావుడు. ఇక్కడికెందుకొచ్చాడో."

"ఓనమాలా?" జడ్జిగారు పడీపడీ నవ్వారు. "పెళ్ళి చేసుకుని మీ కౌంటీకి వచ్చి మామగారి కొట్టు మీద కూర్చోకముందు, మా సొంత కౌంటీ కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతమ్మా ఆయన. నేను కుర్ర లాయరుగా ఉన్నప్పుడు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు నోరు ముయ్యాలో కళ్ళతో సైగ చేసేది ఆయనే."

నేను గబగబా వెళ్ళి హింకిల్‌ని నిలదీశాను. "అన్నీ తెలిసే తప్పు చెప్పారా మీరు? ఊరంతా నవ్వింది!"

"గట్టిగా అరవకు ఒపలమ్మా" అన్నాడు ఆయన అటూ ఇటూ చూస్తూ. "అన్నీ తెలిసినవాడు పక్కనుంటే ఎవడు నోరిప్పుతాడు చెప్పు? మొద్దు పక్కన కూర్చోబెట్టు, మూగవాడికైనా మాటొస్తుంది."

ఆ మనిషినా తిట్టుకున్నానని, అక్కడే కోర్టు వరండాలో గట్టిగా కావిలించుకున్నాను. మా జైల్లో ఇప్పుడు ఎవరూ మంచం కోసం గోడవైపు తిరిగి కూర్చోవడం లేదు. ఆ కృతజ్ఞత ఒక్క కావిలింతతో తీరేది కాదు.

ఇంతలో క్లైడ్ లాయరుతో బయటికి వచ్చాడు. హింకిల్‌ని చూసి ఆగి, చాలా జాలిగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు క్లాసు మానకండి హింకిల్ గారూ. మొదట్లో నాకూ ఏమీ అర్థమయ్యేది కాదు. మీకూ వస్తుంది."

"వస్తుందంటావా?" అన్నాడు హింకిల్ దిగులుగా.

"తప్పకుండా. కాస్త టైం పడుతుందంతే."

మాననని క్లైడ్‌కి మాటిచ్చాడు గనక ఆయన ఇప్పటికీ ప్రతి బుధవారం క్లాసుకి వస్తున్నాడు. ఇప్పటికీ పరీక్ష తప్పుతూనే ఉన్నాడు.