నీళ్లు పోవాలె

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కుంజా సోమమ్మ విషయంలో నోరు మారలేదు, ఊరే సర్దుకుపోయింది. దమ్మపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఆమె గూడెం. ఎండాకాలం తునికాకు కోస్తుంది, మిరప తోటల్లో కూలికి పోతుంది, వానలు పడ్డాక దుంపలు తవ్వుతుంది. అరవై దాటినా, ఎవరైనా అడ్డొస్తే గునపం భుజాన వేసుకుని ఎదురు నిలబడుతుంది. అడవితల్లికి మొక్కి తవ్వుకుంటున్నా, మధ్యలో మీరెవరని అడుగుతుంది.

అలాంటి మనిషి పోయిన వేసవిలో ప్రేమ్‌సాగర్ అనే యూనివర్సిటీ సారుకు నాలుగు రోజులు ఓపిగ్గా పాఠం చెప్పింది. అడవి తిండి మీద ఆయన పరిశోధన. అన్నిటికంటే చేదుదుంప గురించి ఎక్కువ చెప్పింది. అది సరిగ్గా వండితే కడుపు నింపుతుంది, తప్పితే ప్రాణం తీస్తుంది. పల్చగా తరిగి, బుట్టలో వేసి, పారే వాగులో కట్టాలి. "మూడు రాత్రులు మీదికెల్లి నీళ్లు పోవాలె" అంది. అప్పుడు వాగు ఎండిపోయి ఉంది కాబట్టి చేసి చూపించలేకపోయింది. సారు ఫోన్లో రికార్డు చేసుకుని వెళ్లాడు.

వానాకాలం ముత్యాలమ్మ జాతరలో, పరిశోధనను జనానికి చూపిస్తామని యూనివర్సిటీ వాళ్లు స్టాల్ పెట్టారు. సోమమ్మ ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. జనానికి రుచి చూపించడానికి నానబెట్టి ఉడికించిన దుంప ముక్కలు గిన్నెలో పెట్టారు. సోమమ్మకు శాలువా కప్పాక వడ్డిస్తారట. కొత్తగూడెం గనుల నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లు వంట విధానం అచ్చేసిన కరపత్రాలు తీసుకుని, పక్కన కుప్పలు పోసి అమ్ముతున్న దుంపలు కొంటున్నారు. సోమమ్మకు చదువు రాదు. ప్రేమ్‌సాగరే మైకులో చదివాడు.

"ముక్కల మీద నీళ్లు పోయాలి. మూడు రాత్రులు ఉంచాలి. తర్వాత ఉడికించుకుని తినాలి."

శాలువా పట్టుకొస్తున్న వాళ్లను సోమమ్మ చేత్తో ఆపేసింది.

"ఏం జదివినవ్ సారూ? నీళ్లు పోయమన్ననా నేను? పోవాలె అన్న! వాగు నీళ్లు పారుకుంట పోవాలె, ఇసం గుంజుకపోవాలె. గిన్నెల పోసి పెడితే ఇసం ఏడికి పోతది?"

"ఒక్క అక్షరం అమ్మా, అచ్చుతప్పు. వచ్చేసారి సరిచేస్తాం. అతిథులు వస్తున్నారు, మీరు ముందు కూర్చోండి."

"వచ్చేసారికి గిది తిన్నోళ్లు ఉంటరా?" కరపత్రాల కట్ట లాక్కుని చంకలో పెట్టుకుంది. "ఒక్కటి గూడ పంచనియ్య. ఎవలొస్తరో రానియ్యి!"

జనం మూగారు.

"గంత నమ్మకముంటే గా గిన్నెలది నువ్వే ముందు తిను" అంది సోమమ్మ.

అంతమందిలో పౌరుషం పొడుచుకొచ్చిందో, చదువుకున్నవాడినన్న ధీమానో, ఆయన నిజంగానే ఒక ముక్క తీసి నోటి దాకా తెచ్చాడు. సోమమ్మ ఆ చేతి మీద ఫట్‌మని ఒక్కటేసింది. ముక్క ఎగిరి బురదలో పడింది.

"సచ్చిపోతవ్ బిడ్డా!"

ఆ అరుపులో కోపం కంటే భయమే ఎక్కువుంది. అది విన్నాక ప్రేమ్‌సాగర్ మొహం పాలిపోయింది. గిన్నెలో ఉన్నదంతా గొయ్యి తీయించి పాతిపెట్టించాడు. తీసుకున్నవాళ్లను మైకులో పిలిచి, పంచేసిన కరపత్రాలు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత బల్ల ముందు కూర్చుని, ఒక్కో కాగితం మీద తప్పు కొట్టేసి, 'పారే వాగులో, పైనుంచి నీళ్లు పోవాలి' అని తన చేత్తో రాశాడు. వచ్చిన అతిథులు నిలబడే ఉన్నారు. సోమమ్మ మాత్రం ఆఖరి కాగితం దాకా ఆయన పక్కనుంచి కదల్లేదు.

"దీని మీద మీ పేరు కూడా వేయలేదమ్మా. అదీ మా తప్పే. రాయనా?" అని అడిగాడు.

"నా పేరెందుకు? పూలి అని రాయి. మా చెల్లె. కరువొచ్చిన యేడు వాగుల నీళ్లు లేకపాయె, కుండల నానేసుకుని తిన్నం. నేను కక్కుకుని బతికిన. అది బతకలే. దాని పేరు రాయి."