నాన్న గ్రీకు పరీక్ష తప్పాలి

నా చిన్నప్పుడు నాకు దేవుడి మీద కుళ్లుగా ఉండేది. మనుషుల మీద కుళ్లుకుంటే ఎవరి దగ్గరైనా వెళ్లగక్కుకోవచ్చు. దేవుడి మీద కుళ్లుకునే పిల్ల ఎవరితో చెప్పుకుంటుంది? అందులోనూ ప్రార్థన చేయనిదే కంచంలో చెయ్యి పెట్టనివ్వని ఇల్లు మాది.

అప్పుడు మేం దుబాయ్‌లో, సత్వాలో ఉండేవాళ్లం. ఒక పాత విల్లాని గదులుగా విడగొట్టి అద్దెకిచ్చారు. ఒక గదిలో మేం నలుగురం, ప్లైవుడ్ గోడకి అవతల పక్కగది మామ్మగారు, వంటిల్లు అందరిదీ. మా నాన్న అల్ ఖూజ్‌లో ఒక గోడౌనులో స్టోర్ కీపరు. నేను రెండో క్లాసుకి వచ్చేదాకా ఆయన పూర్తిగా నా సొంతం. తమ్ముడు పుట్టాక కూడా ఆ హక్కు నేను వదులుకోలేదు. సాయంత్రం కంపెనీ పికప్ సందు మొదట్లో ఆయన్ని దింపగానే పరుగెత్తుకెళ్లి చొక్కా జేబులో చెయ్యి పెట్టేదాన్ని. నాకోసం అందులో ఏదో ఒకటి ఉండేది, ఖర్జూరం బిస్కెట్టో, నాలుగు పిస్తాపప్పులో. తర్వాత ఇద్దరం మొక్కలమ్మే వీధికి నడిచి వెళ్లి, పక్షుల కొట్టు ముందు నిలబడి చిలకల్ని చూసేవాళ్లం. మేం కొనేవాళ్లం కాదని కొట్టాయనకీ తెలుసు. అయినా పాపం ఎప్పుడూ పొమ్మనలేదు.

ఆ ఏడాది నాన్న సెమినరీలో చేరారు. పాస్టరు కావాలన్న కోరిక ఆయనకు పెళ్లికి ముందు నుంచీ ఉందట. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకోసం చర్చి ఆవరణలో సాయంత్రాలు క్లాసులు పెట్టేవారు. క్లాసు ఉన్న రోజు నాన్న ఇంటికి వచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం. క్లాసు లేని రోజు ఇంట్లోనే ఉండేవారు కానీ, ఉన్నట్టు కాదు, పుస్తకంలో ఉండేవారు. చిలకల దగ్గరికి వెళ్లడం ఆగిపోయింది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండించింది గ్రీకు. బైబిల్లో కొత్త నిబంధన మొట్టమొదట రాసింది ఆ భాషలోనేనని, అది నేర్చుకోనిదే పాసు చేయరని అమ్మ చెప్పింది. గోడౌనులో పారేసే అట్టపెట్టెల్ని నాన్న చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒకవైపు గ్రీకు మాట, రెండోవైపు దాని అర్థం రాసుకునేవారు. ఆ ముక్కలన్నిటికీ రబ్బరుబ్యాండు వేసి చొక్కా జేబులో పెట్టుకునేవారు. నా జేబులో! ఒకరోజు అలవాటు కొద్దీ చెయ్యి పెడితే బిస్కెట్టుకి బదులు అవి తగిలాయి. ఆ పూట నేను అన్నం తినలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు కూడా.

ఒకసారి తమ్ముడు ఒక ముక్కని నోట్లో పెట్టుకుని నమిలేశాడు. నాన్న పకపకా నవ్వి, వాడికి గ్రీకు వంటబట్టిందన్నారు. మర్నాడు నేను తడి చేత్తో ముట్టుకుంటే మాత్రం అక్షరాలు చెరిగిపోతాయని కసిరారు. శుక్రవారం మధ్యాహ్నాలు సెమినరీ స్నేహితుడొకాయన కలిసి చదువుకోవడానికి వచ్చేవాడు. ఆయనతో నాన్న ఎంత హాయిగా నవ్వేవారో! ఆ నవ్వు వింటూ మేం వరండాలో చప్పుడు చేయకుండా ఆడుకోవాలి. తమ్ముడి మీద, ఆ స్నేహితుడి మీద, అట్టముక్కల మీద, అందరి మీదా కుళ్లే. నేనేమైనా సణిగితే అమ్మ ఒకటే మాట అనేది: "దేవుని పని చేసే మనిషిని విసిగించకే." దాంతో నా నోరు మూతపడేది. అమ్మతో పోట్లాడగలను గానీ దేవుడితో ఎలా పోట్లాడను?

అందుకని ఆయన్నే అడగడం మొదలుపెట్టాను. పడుకునే ముందు గోడవైపు తిరిగి, నాన్న గ్రీకు పరీక్ష తప్పాలని గుసగుసగా ప్రార్థించేదాన్ని. తప్పితే సెమినరీ మానేస్తారని, మళ్లీ నాకు దొరుకుతారని నా లెక్క. ప్లైవుడ్ గోడ ఎంత పల్చనో ఆలోచించలేదు.

పక్కగది మామ్మగారిది భీమవరం వైపు. కూతురు ఆసుపత్రిలో నర్సు కావడంతో మనవణ్ణి చూసుకోవడానికి వచ్చారు. ఒకరోజు వంటింట్లో గోంగూర ఒలుస్తూ నన్ను దగ్గరికి పిలిచారు.

"ఏంటే, ప్రార్థన గోడకి చేత్తన్నావా?"

అమ్మకి చెప్పేస్తారనుకున్నాను. ఆవిడ చెప్పలేదు సరికదా, కోప్పడనైనా లేదు.

"అడగాలని ఉంటే కూటంలో అడుగు. మన పద్ధతి తెల్సుగా నీకు? ఎవరేం అడిగినా నవ్వకూడదు, తిట్టకూడదు."

మా విల్లాలో గురువారం సాయంత్రం ప్రార్థన కూటం జరిగేది. మామ్మగారే అందరికంటే పెద్ద కాబట్టి ఆవిడే నడిపించేవారు. చాపల మీద గుండ్రంగా కూర్చుని, పిల్లలతో సహా ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పాలి. చెప్పినవాళ్లకి కుడిపక్కన కూర్చున్న మనిషి ఆ మనవి ఎత్తి, అందరికీ వినపడేలా ప్రార్థించాలి. మనవికి జవాబు వచ్చేదాకా ప్రతి వారం ఆ మనిషే ఎత్తాలి. ఒకరి బరువు ఇంకొకరు మోయడం అలవాటు కావాలని మామ్మగారు పెట్టిన పద్ధతి అది.

ఆ గురువారం నాన్న అల్ ఖూజ్ నుంచి ఆలస్యంగా వచ్చారు. అప్పటికే అందరూ కూర్చున్నారు. మామ్మగారు నా కుడిపక్కనున్న తన మనవణ్ణి చెయ్యి పట్టి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఖాళీ అయిన చోటు నాన్నకి చూపించారు. అది కావాలని చేశారని ఆ క్షణంలో నాకు తట్టలేదు. జ్వరాలు, వీసాలు, ఊళ్లో పెళ్లి సంబంధాలు అన్నీ అయ్యాక నా వంతు వచ్చింది.

"మా నాన్న గ్రీకు పరీక్ష తప్పాలి."

అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఎవరో, "పిల్ల తెలీక అందిలే" అన్నారు. మామ్మగారు మాత్రం కళ్లజోడు సర్దుకుని, నాన్నవైపు చూసి చాలా మామూలుగా అన్నారు.

"మనవికి చిన్నా పెద్దా ఏంటండీ? కుడిపక్కనున్నది మీరే. ఎత్తండి."

నాన్న కళ్లు మూసుకున్నారు. తర్వాత ప్రసంగాలు అభ్యాసం చేసే గొంతుతో మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ గొంతు మామూలుగా, మా నాన్న గొంతులా ఉంది. "ప్రభువా, నేను పరీక్ష తప్పాలని నా కూతురు అడుగుతోంది. నాకేమో పాసవ్వాలని ఉంది. దానికి నేను కావాలి. అది నాకు తెలీలేదు. నువ్వు ఏది చేసినా సరే, దాన్ని మాత్రం నామీద అలిగి ఉండనివ్వకు." అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. పరీక్ష తప్పించమని గట్టిగా అడగనేలేదని నాకు కోపం.

కానీ మామ్మగారి పద్ధతి ప్రకారం పరీక్ష అయ్యేదాకా ఆ మనవి నాన్నదే. కాబట్టి ప్రతి గురువారం ఆయన నా పక్కనే కూర్చోవాలి. అంతే కాదు, ఏమని ప్రార్థించాలో ముందుగా నన్ను అడగాలి. దానికోసం ఆ రోజు పెందలాడే వచ్చి, "యల్లా అమ్మలూ, పద" అంటూ చిలకల కొట్టుకి తీసుకెళ్లి, మనవి ఏమైనా మారిందా అని అడిగేవారు. మారలేదనేదాన్ని. మారిస్తే గురువారం కూడా చేజారిపోతుందని నాకు తెలుసు, అంత అమాయకురాల్ని కాదు.

పరీక్షలు అయ్యాయి. నాన్న నిజంగానే గ్రీకు తప్పారు. ఆయన మొహం వేలాడేసుకుని వస్తే నేను మంచం మీద ఎగిరి గంతులేశాను. ఇంతలో ఆయన అమ్మతో మెల్లగా చెప్తున్నారు: మానేసే ప్రసక్తి లేదట, వచ్చే ఏడాది గ్రీకు మళ్లీ మొదటి నుంచీ చదవాలట, దానికోసం వారంలో ఇంకో సాయంత్రం కూడా వెళ్లాలట. నా గంతులు ఆగిపోయాయి. గట్టిగా ఏడ్చేశాను. నా ఏడుపు విని వచ్చిన మామ్మగారు సంగతి తెలుసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"నువ్వడిగిందే ఇచ్చాడుగా, ఇంకేటి?"

ఆ గురువారం నా మనవి మార్చాను. "మా నాన్న గ్రీకు పాసవ్వాలి. తొందరగా." అదేదో మంచితనం కాదు, అది కూడా కుళ్లే. గ్రీకు ఎంత త్వరగా వదిలితే నాన్న నాకు అంత త్వరగా మిగులుతారు. నాన్న ఆ మనవి ఎత్తుతూ మధ్యలో ఫక్కున నవ్వేశారు. ఆ కూటంలో నవ్వకూడదన్న నియమం తప్పింది ఆయనొక్కరే. ఈసారి అందరికంటే ముందు నేనే ఆమెన్ అన్నాను.

ఆ తర్వాత అట్టముక్కలు నా గౌను జేబులోకి వచ్చాయి. అది నేను పెట్టిన షరతు. చిలకల ముందు నిలబడి ఒక్కో ముక్క తీసి చూపిస్తే నాన్న అర్థం చెప్పాలి. ఆర్టోస్ అంటే రొట్టె, ఇఖ్తూస్ అంటే చేప. తెక్నోన్ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగిపోయి తల గోక్కునేవారు. నేను "బిడ్డ! బిడ్డ!" అని అరిచి చెప్పేదాన్ని. ఆయన కావాలనే ఆగేవారని తెలిసేసరికి నేను కాలేజీకి వచ్చాను.

మరుసటి ఏడు నాన్న పాసయ్యారు, తర్వాత పాస్టరూ అయ్యారు. ఆయన మీద హక్కున్నవాళ్లు ఇంకా ఎక్కువయ్యారు. నా కుళ్లు పోయిందని మాత్రం చెప్పను. అయితే ఎప్పుడు కుళ్లుగా ఉన్నా గోడవైపు తిరగడం మానేశాను. ఎవరికోసం కుళ్లుకుంటే ఆ మనిషి పక్కన కూర్చుని, మొహం మీదే చెప్పేదాన్ని.

ఇప్పుడు నాకూ ఇద్దరు పిల్లలు. రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లోనూ మామ్మగారి పద్ధతే. మొన్న నా పెద్దకూతురు నన్ను చూడకుండా, చాపవైపు చూస్తూ తన మనవి చెప్పింది. రాత్రిళ్లు అమ్మ ముందేసుకుని కూర్చునే ఆఫీసు కంప్యూటరు పాడైపోవాలట. మా ఆయన కళ్లెర్రజేయబోతే వద్దన్నాను. దాని కుడిపక్కన కూర్చున్నది నేనే. నాన్న ఎత్తినట్టే, ఒక్క మాట తగ్గించకుండా ఆ మనవి ఎత్తాను. అది ఆమెన్ అనలేదు. నేనూ అక్కణ్ణించి లేవలేదు.