అల్ ఖోర్‌లో చేతుల మీద నీళ్ళు

ఖతార్ ఎడారిలోని జుబారా కోట చూడాలన్న కోరిక నాది. హిస్టరీ ఎమ్మే చదివి సిమెంటు బస్తాల ఉద్యోగంలో కుదురుకున్నవాడికి అప్పుడప్పుడు ఇలాంటివి పుడుతుంటాయి. 1994 చలికాలంలో ఒక శుక్రవారం, ఉదయం ఏడింటికి దోహాలో షేర్ టాక్సీ ఎక్కాను. తోడు మా కంపెనీ సుదర్శన్, కరీంనగర్ మనిషి.

"గోల్కొండ ఉన్న ఊర్ల పుట్టి, కోట జూడనీకి ఎడారికి పోతవా సారూ?" అన్నాడు. అయినా వచ్చాడు.

డ్రైవరు గుల్ ఖాన్ కాబూల్ పఠాన్, నెరిసిన గడ్డం. ముందు సీట్లో నౌరోజ్, షమాల్ ఊళ్ళో కూలీల క్యాంపులో వెల్డింగ్ ఫోర్‌మన్. అతనిదీ కాబూలే, కానీ హజారా. హజారాలంటే ఆ దేశంలో తరతరాలుగా బరువులు మోసినవాళ్ళు, పఠాన్లంటే మోయించినవాళ్ళు. ఒకే ఊరివాళ్ళు కదా, దారంతా ఒక్క మాట లేదు. రోడ్డు బాగుందని నేనే రెండుసార్లు అన్నాను.

ఎనిమిదింటికి దారిలో అల్ ఖోర్‌లో టిఫిన్. చాప మీద నలుగురికీ ఒకే పళ్ళెం, రొట్టెలు, మాంసం కూర. చేతులు కడుక్కోవడానికి హోటలతను కూజా, బేసిన్ పెట్టి వెళ్ళాడు. అందరిలో చిన్నవాడు కదా అని కూజా నౌరోజ్ చేతికిచ్చాను. చిన్నవాడు పెద్దల చేతుల మీద నీళ్ళు పోయడం మా ఇళ్ళల్లో మర్యాద.

గుల్ ఖాన్ తల దించుకున్నాడు.

"మా నాన్న కాబూల్లో పఠాన్ల ఇంట్లో ఈ పనే చేశాడు సాబ్," అన్నాడు నౌరోజ్ ఉర్దూలో. "ఆయన చేతుల మీద మాత్రం ఎవరూ పోయలేదు. తిండి వాకిట్లో."

"మరి ఇప్పుడు?" అన్నాను.

"పదిహేనేళ్ళుగా యుద్ధం. మా చేతుల్లోకీ తుపాకులు వచ్చాయి. ఇవాళ మా పేటలో అడుగుపెట్టాలంటే పఠాన్లు మమ్మల్ని అడగాలి."

"నిజమే," అన్నాడు గుల్ ఖాన్. "అడగడానికి వెళ్ళిన మా తమ్ముడు తిరిగి రాలేదు."

"సారూ, సల్లగ లేసి బయట పడదామా?" అని సుదర్శన్ నా చెవిలో గొణిగాడు. సలహా బాగానే ఉంది, కాళ్ళే లేవలేదు.

నౌరోజ్ లేచి మా ఇద్దరి చేతుల మీదా నీళ్ళు పోశాడు, గుల్ ఖాన్ చేతుల మీదా పోశాడు. తర్వాత కూజా ఆయన ముందు పెట్టి, తన చేతులు చాపాడు.

"పోస్తారా ఖాన్ సాహెబ్? పోస్తే తింటాను. లేకపోతే టాక్సీలో కూర్చుంటాను."

కూర చల్లారుతోంది. గుల్ ఖాన్ మోకాళ్ళ మీద లేచి కూజా ఎత్తాడు. తొందర లేకుండా, రెండు చేతులూ తడిసేదాకా పోశాడు. భుజం మీది తువ్వాలు కూడా ఇచ్చాడు.

"కాబూల్లో అయితే పోసేవాణ్ణి కాదు."

"కాబూల్లో అయితే తుపాకి పట్టుకుని అడిగేవాణ్ణి," అన్నాడు నౌరోజ్. ఇద్దరూ ఒకే రొట్టె చెరోవైపు తుంచారు.

షమాల్‌లో దిగి, నౌరోజ్ క్యాంపు గేటు వైపు తల ఎత్తుకుని నడిచాడు. అతను లోపలికి వెళ్ళేదాకా గుల్ ఖాన్ బండి కదపలేదు. ఆ తర్వాత చూసిన జుబారా కోట, గోల్కొండలో గుర్రాల కొట్టానికి సరిపోతుంది. వెళ్ళేవాళ్ళు అల్ ఖోర్‌లో ఆగి, ఆకలి అక్కడే తీర్చుకోవడం మంచిది.

తిరుగుదారిలో అడిగాను: "ఇంట్లో చెబుతారా ఖాన్ సాహెబ్?"

"చెబుతాను. ముందు అతనే పోశాడని కూడా చెబుతాను."